హారో మన దారిలోకే వచ్చింది, మరి కొడిగెనహళ్లి?

పెనుకొండ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని దక్షిణంగా పోతే కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటాక దేవనహళ్లి వస్తుంది. అక్కడ బెంగళూరు విమానాశ్రయం ఉందని శ్రీ సత్యసాయి జిల్లాలో పసిపిల్లాడికీ తెలుసు. ఆ చుట్టుపక్కలే 2023 నుంచి హారో ఇంటర్నేషనల్ స్కూలు నడుస్తోందన్నది మాత్రం కాస్త డబ్బున్న ఇళ్లలోనే వినిపించే సంగతి. చర్చిల్, నెహ్రూ చదివిన ఇంగ్లండు హారో పేరు పెట్టుకున్న బడి అది. పిల్లాడికి బ్రిటిష్ చదువు చెప్పించడానికి ఇప్పుడు విమానం ఎక్కించనక్కర్లేదు, కారెక్కిస్తే చాలు. అయినా విమానం ఎక్కించాలన్న ముచ్చట తగ్గలేదు. ధర్మవరం పట్టు వ్యాపారుల ఇళ్లలో, హిందూపురం పక్క తూముకుంటలో ఫ్యాక్టరీలున్నవాళ్ల ఇళ్లలో, కియా వచ్చాక రోడ్డు పక్క చేలు మంచి ధరకు అమ్ముకున్నవాళ్ల ఇళ్లలో ఈ చర్చ నలుగుతోంది. పదకొండేళ్లకే ఇంగ్లండు బోర్డింగుకు పంపుదామా, లేదంటే ముందు రెండు వారాల సమ్మర్ క్యాంపుతో రుచి చూపిద్దామా?

నిజంగా పంపేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ల డబ్బు, వాళ్ల పిల్లలు, మధ్యలో మనకెందుకు అనుకోవచ్చు. కానీ ఈ ముచ్చట మెట్లు దిగి కిందికి వస్తుంది. పైమెట్టు మీద లండన్, దాని కింద బెంగళూరు రెసిడెన్షియల్ స్కూళ్లు, ఆ కింద మన ఊళ్లలోనే ‘ఇంటర్నేషనల్’ అని బోర్డు రాసుకున్న రేకుల షెడ్లు. పైమెట్టు మీద ఎవరు కూర్చున్నా, కింది మెట్టు దగ్గర అప్పుచేసి ఫీజు కట్టేది మగ్గం నేసేవాడు, మల్బరీ రైతు. అందుకే పైమెట్టు మీద అమ్ముతున్న సరుకేమిటో విప్పి చూడటం అందరికీ అవసరమే.

ముందు తల్లిదండ్రుల కోరికను తక్కువచేసి మాట్లాడకూడదు. “మావోడు పదిమందిలో బెదరకుండా నాలుగు ముక్కలు మాట్లాడితే సాలు సార్” అనే తండ్రి అడిగేది న్యాయమైన సంగతే. మన కార్పొరేట్ బడి ఆ పని చేయడం లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని పేరుపెట్టి పిల్లాణ్ని పొద్దున్నుంచి రాత్రిదాకా బెంచీకి అంటగట్టే చదువులో ఆట లేదు, పాట లేదు, ఎదురుప్రశ్న అసలే లేదు. దానికి విసిగిన మనిషి బ్రోషర్‌లో పచ్చగడ్డి మైదానం, తెల్లబట్టల్లో క్రికెట్టు, పన్నెండు మంది పిల్లలకో టీచరు కనిపిస్తే మెత్తబడిపోతాడు. అది సహజం.

సమ్మర్ క్యాంపు సంగతి చూద్దాం. అసలు తేదీలే కుదరవు. మన రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఇంగ్లండులో వేసవి క్యాంపులు ఎక్కువగా జరిగేది జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా. అంటే ఇక్కడ బడి తెరిచి, కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకునే రోజుల్లో పిల్లాడు అక్కడ ఉంటాడు. జూన్, జూలై సెలవులిచ్చే బెంగళూరు ఇంటర్నేషనల్ స్కూళ్ల పిల్లలకే ఈ లెక్క సరిపోతుంది.

ఇక క్యాంపు లోపలికి తొంగిచూస్తే, మామూలు టైంటేబుల్ ఇలా ఉంటుంది: పొద్దున ఇంగ్లీషు క్లాసులు, వారానికి పదిహేను గంటల చొప్పున. మధ్యాహ్నం ఈత, టెన్నిస్, నాటకం. సాయంత్రం డిస్కో, క్విజ్. శనివారం బస్సెక్కి లండన్ టవర్ బ్రిడ్జో, ఆక్స్‌ఫర్డో. క్యాంపు పేరున్న పెద్ద బోర్డింగ్ స్కూల్లోనే జరగవచ్చు. కానీ చాలాచోట్ల సెలవుల్లో ఖాళీగా ఉన్న ఆ భవనాలను క్యాంపు కంపెనీలు అద్దెకు తీసుకుంటాయి. ఆ బడి టీచర్లు అప్పుడు అక్కడ ఉండరు, ఆ వేసవికి కుదుర్చుకున్న కుర్రాళ్లు పాఠాలు చెబుతారు. ఆ బడి పిల్లలూ ఉండరు, వాళ్లకూ సెలవులే కదా! మనవాడితో గదిలో ఉండేది ఇటలీ పిల్లాడో, చైనా పిల్లాడో, స్పెయిన్ పిల్లాడో. వాళ్లూ మనలాగే ఇంగ్లీషు కోసం వచ్చినవాళ్లే. బ్రిటిష్ బడి చూసి వచ్చానని పిల్లాడు చెప్పేదాంట్లో గోడలు మాత్రమే బ్రిటిష్‌వి.

ఇందులో తప్పేమీ లేదు. ఇటలీ పిల్లాడితో రెండు వారాలు గది పంచుకోవడం మంచి అనుభవమే. విజిటర్ వీసా మీద, అమ్మానాన్నల అనుమతి పత్రంతో, గుర్తింపున్న సంస్థను చూసుకొని పంపితే అదొక మంచి యాత్ర. తిరుపతి తీసుకెళ్లినట్టు లండన్ తీసుకెళ్లారనుకోండి. యాత్రను చదువు ఖాతాలో రాసుకోవడం దగ్గరే నా పేచీ.

బోర్డింగు సంగతి వేరు. అక్కడ లెక్కలు పెద్దవి. ఈటన్‌లో ఫీజు 2025 నుంచి పన్నుతో కలిపి ఏడాదికి 63 వేల పౌండ్ల పైచిలుకు. మన రూపాయల్లో 70 లక్షల పైనే అవుతుంది. పదమూడేళ్ల పిల్లాణ్ని చేర్చి పద్దెనిమిదేళ్లదాకా చదివిస్తే మూడున్నర కోట్ల పైనే. ఈటన్ కొనకొమ్మన ఉన్న బడి, నిజమే. మిగతా బోర్డింగులు కొంత చౌక, అంతకుమించి కాదు. 2025 జనవరి 1 నుంచి బ్రిటన్ ప్రభుత్వం ప్రైవేటు బడుల ఫీజుల మీద 20 శాతం వ్యాట్ వేసింది. దానికి అక్కడి మధ్యతరగతి తల్లిదండ్రులే గగ్గోలు పెడుతున్నారు. ప్రభుత్వ బడిలో చేర్చి ఖర్చు తగ్గించుకుందామంటే వీసా ఒప్పుకోదు. చైల్డ్ స్టూడెంట్ వీసా ఫీజు కట్టే ప్రైవేటు బడులకే.

ఏజెంటు చివరిదాకా చెప్పని సంగతి ఇంకోటుంది. బోర్డింగంటే ఏడాది పొడుగునా బడిలోనే ఉంచుకుంటారని మనం అనుకుంటాం. అక్కడ ప్రతి టర్ము మధ్యలో వారం, రెండు వారాల సెలవు ఉంటుంది. చాలా బడుల్లో కొన్ని శని, ఆదివారాల్లో హాస్టలే మూసేస్తారు. ఆ రోజుల్లో పిల్లాడు బడి ఒప్పుకున్న గార్డియన్ ఇంటికి పోవాలి. బంధువులుంటే సరే, లేకపోతే డబ్బిచ్చి గార్డియన్‌ను పెట్టుకోవాలి. ముక్కూమొహం తెలియని ఇంట్లో, గ్యాస్ హీటరు పక్కన కూర్చొని, హిందూపురంలో అమ్మకు రాత్రెంతయిందో లెక్కేసుకుంటూ ఫోను పట్టుకునే పన్నెండేళ్ల పిల్లాడు ఏ బ్రోషర్‌లోనూ కనిపించడు.

ఈ దూరం పిల్లల్ని ఏం చేస్తుందో ఇంగ్లీషువాళ్లకే బాగా తెలుసు. మన దేశాన్ని ఏలినప్పుడు వాళ్లు తమ పిల్లల్ని ఐదారేళ్లకే ఓడెక్కించి ‘ఇంటికి’ పంపేవాళ్లు. బొంబాయిలో పుట్టిన కిప్లింగును 1871లో, ఆరేళ్లు నిండకముందే, చెల్లెలితో కలిపి సౌత్‌సీలో ఒక పరాయి ఇంట్లో వదిలి వచ్చారు. అక్కడ పడ్డ బాధను ఆయన పెద్దయ్యాక కూడా రాస్తూనే ఉన్నాడు. జాయ్ షావెరిన్ అనే మనోవిశ్లేషకురాలు చిన్నప్పుడే బోర్డింగుకు వెళ్లిన పెద్దవాళ్లలో కనిపించే లక్షణాలకు ‘బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్’ అని పేరుపెట్టి 2015లో పుస్తకమే తెచ్చింది. ఇంగ్లీషువాళ్లు వదిలించుకోవాలని చూస్తున్న అలవాటును మనం అప్పుచేసి తెచ్చుకోబోతున్నాం.

ఇంతకీ హారో, ఈటన్‌లు పుట్టింది ఎవరి కోసం? ఈటన్‌ను ఆరో హెన్రీ రాజు 1440లో పెట్టింది డెబ్బైమంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పడానికి. హారోకు 1572లో రాణి నుంచి అనుమతి పత్రం తెచ్చింది జాన్ లయన్ అనే రైతు. ఆ ఊరి పిల్లలకు ఉచిత బడి పెట్టి, దానికి తన భూములు రాసిచ్చాడు. సరిగ్గా ఆ ఏడే ఇక్కడ పెనుకొండలో శ్రీరంగరాయలు విజయనగర గద్దె ఎక్కాడు. తళ్లికోట యుద్ధం తర్వాత హంపి పోయి పెనుకొండ రాజధాని అయిన రోజులవి. లయన్ బడి నెమ్మదిగా బయటి ఊళ్ల డబ్బున్న పిల్లల చేతిలోకి పోయింది. ఇప్పుడు దాని పేరే సరుకైంది. బ్రిటన్ ప్రైవేటు బడులు బయటి దేశాల్లో తెరిచిన శాఖలు వంద దాటాయి. వాటి నుంచి వచ్చే రాబడి అక్కడి మాతృసంస్థకు ఆసరా.

మన వైపు కథ దీనికి అడ్డం తిరిగి ఉంటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని జిల్లాలన్నింటిలో బడులెన్నో లెక్క తీయమన్నాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి, అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు చదవదగ్గది. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటంటే ఒక్కటి. పొద్దున ఆరింటికే బడి. ముందుగా వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కోటి ఎక్కువ. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు దిద్దించే పద్ధతిని క్యాంప్‌బెల్ బాగా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. నిజంగానే ఆండ్రూ బెల్ అనే మతగురువు మద్రాసు ఎగ్మూరు అనాథ శరణాలయంలో పనిచేస్తూ, ఇసుకలో అక్షరాలు దిద్దుకునే ఇక్కడి బడిని చూసి ఆ పద్ధతిని ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో అక్కడి పేదపిల్లల బడుల్లో అది దశాబ్దాలపాటు నడిచింది.

ఆ నివేదికలో ధర్మవరం మగ్గాల మనుషులు చదవాల్సిన మాట ఇంకోటి ఉంది. బడులు ఎందుకు మూతపడుతున్నాయో క్యాంప్‌బెల్ దాచకుండా రాశాడు. ఐరోపా బట్టలు వచ్చిపడి ఇక్కడి నేత బట్టలకు గిరాకీ పోయింది, నేసే కుటుంబాల రాబడి పడిపోయింది, పిల్లల చదువుకు నాలుగు డబ్బులు పెట్టే తాహతు పోయింది. పైగా, పాలించేవాళ్ల ఆదరణ లేకుండా ఏ దేశంలోనూ చదువు వర్ధిల్లలేదని సొంత ప్రభుత్వాన్నే ఎత్తిపొడిచాడు. ఆ కలెక్టరు చెప్పిన సూత్రం ధర్మవరంలో ఇవాళా అంతే. పట్టుచీర అమ్ముడైన సీజనులో పిల్లాడి ఫీజు కడతారు. పవర్‌లూమ్ చీర దెబ్బకు మగ్గం ఆగిన సీజనులో పిల్లాడు బడి మానకపోయినా, ఇంట్లో కండెలు చుట్టాల్సి వస్తుంది.

కియా పుణ్యమా అని పెనుకొండ ఇప్పుడు కొరియావాళ్లకూ ఊరే. ఎర్రమంచి దగ్గర 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. అప్పటికే రోడ్డు పొడుగునా కొరియా భాషలో హోటలు బోర్డులు వెలిశాయి. పిల్లల్ని చిన్నప్పుడే ఇంగ్లీషు దేశాలకు పంపే పిచ్చి ఎలా పట్టుకుంటుందో, ఎలా దిగుతుందో మనకు చెప్పగల మనుషులు వాళ్లే. 2000 తర్వాత కొరియాలో స్కూలు పిల్లల్ని అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు పంపడం జ్వరంలా పాకింది. 2006లో ఒక్క ఏడాదిలో 29 వేల మందికి పైగా పిల్లలు వెళ్లారు. తల్లి పిల్లలతో అక్కడ, తండ్రి సియోల్‌లో ఒంటరిగా సంపాదించి డబ్బు పంపుతూ. ఏడాదికోసారి ఎగిరివెళ్లి చూసొచ్చే ఆ తండ్రుల్ని జనం అడవిబాతులన్నారు. కుటుంబాలు చెదిరాయి. తిరిగొచ్చిన పిల్లల్లో చాలామంది కొరియా చదువులో ఇమడలేకపోయారు. ప్రభుత్వం ఆ డబ్బు బయటికి పోకుండా జెజు దీవిలో విద్యానగరం కట్టి, 2011లో నార్త్ లండన్ కాలేజియేట్ స్కూలు శాఖను అక్కడికే రప్పించింది. అదీ డబ్బున్నవాళ్లకే ఉపయోగపడింది, సరే. కానీ 2006 తర్వాత పిల్లల్ని బయటికి పంపే జోరు క్రమంగా తగ్గుతూ వచ్చింది. పెనుకొండలో మనవాళ్లు కొరియా ఇంజినీర్ల దగ్గర కారు ఎలా బిగించాలో నేర్చుకుంటున్నారు. టీ తాగే సమయంలో ఈ కథ కూడా అడిగితే బాగుండును.

ఇప్పుడు మన ఇంటి పక్కకు వద్దాం. హిందూపురం నుంచి పరిగి మండలం కొడిగెనహళ్లి ఎంతో దూరం కాదు. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడు రాయలసీమకు కొడిగెనహళ్లిలో, కోస్తాకు తాడికొండలో పెట్టారు. పరీక్ష రాసి గెలిచినవాడికే సీటు. తిండి, బట్ట, పుస్తకం ప్రభుత్వానివి. టీచర్లు ఆవరణలోనే కాపురం. పొద్దున వ్యాయామం, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్లో పక్కనే కూర్చునే మాస్టారు. హారోలో లక్షలు పోసి కొనేదాన్ని ముక్కలు చేసి చూస్తే అందులో ముఖ్యమైన ముక్క ఇదే: పిల్లల మధ్యే బతికే పెద్దవాళ్లు. కరువు సీమ రైతుబిడ్డలకు, నేతబిడ్డలకు అది పైసా ఖర్చు లేకుండా దొరికింది. అక్కడ చదివినవాళ్లు ఇవాళ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, అమెరికాలో పెద్ద స్థానాల్లో ఉన్నారు. విచిత్రమేమిటంటే, తమ పిల్లలకు ఇంగ్లండు బోర్డింగు వాకబు చేసేవాళ్లలో ఇలాంటివాళ్లూ ఉంటారు.

లేపాక్షిలో ఇంకోటి ఉంది, జవహర్ నవోదయ విద్యాలయం. 1986 జాతీయ విద్యా విధానం తెచ్చిన బడి. ఆరో తరగతిలో 80 సీట్లు, కనీసం 75 శాతం పల్లెపిల్లలకే. నవోదయలో ఒక ఏర్పాటుంది, దాని గురించి మనం చాలినంత మాట్లాడుకోం. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది పిల్లలు ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు వెళ్లి చదువుతారు. అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. పరాయి భాష, పరాయి తిండి, కొత్త స్నేహం అన్నీ అందులో ఉన్నాయి. ఇల్లు విడిచే వయసు పద్నాలుగేళ్లు. పోయేది ఒక్క ఏడాదికి, అదీ ఒంటరిగా కాదు, తోటి పిల్లల గుంపుతో. సమ్మర్ క్యాంపు వాగ్దానం చేసి ఇవ్వలేనిది ఇదే.

సరే, ఇంత మంచి సరుకు ఇంట్లోనే ఉంటే జనం బయటికెందుకు చూస్తారు? ప్రభుత్వాలు దాన్ని పట్టించుకోవడం మానేశాయి గనుక. గత ఏడెనిమిదేళ్లుగా మన విద్యాశాఖ తలనొప్పంతా బోర్డుల పేర్లు. 2019లో అన్ని బడుల్లో ఇంగ్లీషు మీడియమని ఉత్తర్వు, 2020లో హైకోర్టు కొట్టివేత. ఆ తర్వాత వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ. 2024 జనవరిలో అంతర్జాతీయ బోర్డు ఐబీతో ఒప్పందం. అదే ఏడు ప్రభుత్వం మారాక ఆ వెయ్యి బడులూ మళ్లీ రాష్ట్ర బోర్డుకే, ఐబీ అటకమీదికి. ఐబీ మంచిదే, సీబీఎస్ఈ మంచిదే. కానీ పేరు మారిన బడిలో సాయంత్రం ఐదింటి తర్వాత పిల్లాడి పక్కన ఏ టీచరైనా ఉన్నాడా అని ఎవరూ అడగలేదు. కాంట్రాక్టు మీద వచ్చి, ఊళ్లో అద్దెకుంటూ, బెల్లు కొట్టగానే బండెక్కే టీచరుతో గురుకులం నడవదు. అది హారోకూ తెలుసు. అక్కడ హౌస్‌మాస్టరు కుటుంబంతో సహా పిల్లల హాస్టల్లోనే ఉంటాడు.

వేసవి సంగతీ అంతే. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు ‘సమ్మర్ సమురాయ్’ పేరుతో సెలవుల్లో శిబిరాలు నడిపాయి. పాఠం వదిలి నాటకం, కోడింగు, గుర్రపుస్వారీ దాకా నేర్పాయి. ఆ గురుకులాల నుంచే మాలావత్ పూర్ణ పదమూడేళ్లకు 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె కొండెక్కడం నేర్చుకున్నది భువనగిరి బండ మీద. పెనుకొండకూ అంతకన్నా పెద్ద కొండే ఉంది, పైన కోటతో సహా. ఏప్రిల్, మే ఎండలకు పొద్దున పదిలోపే పని ముగించాలి, అంతే. లేపాక్షి మండపం కప్పు కింద చిత్రలేఖనం, ధర్మవరంలో జాకార్డు పంచింగ్ చూపిస్తూ లెక్కలు, రాత్రి ఇంగ్లీషులో వాదులాట. ఇవన్నీ కలిపినా ఒక లండన్ టికెట్ ఖర్చుకు ఎంతమంది పిల్లలకు సరిపోతాయో లెక్కేసుకోవచ్చు.

డబ్బున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది చిన్నమాట. పంపాలనే ఉంటే పదహారేళ్లు నిండాక, పదో తరగతి ఇక్కడ ముగించి, అక్కడి ఇంటర్ లాంటి ఏ లెవెల్స్ రెండేళ్లకు పంపండి. అప్పటికి తనకేం కావాలో వాడికే కొంత తెలిసి ఉంటుంది. ఖర్చూ మూడున్నర కోట్ల నుంచి సగానికి దిగువకు వస్తుంది. పదకొండేళ్లకు పంపడం మాత్రం పిల్లాడి కోసం కాక, ఊళ్లో చెప్పుకోవడానికి చేసే పనిలాగే నాకు కనిపిస్తుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే. కొడిగెనహళ్లిలో మంజూరైన టీచరు పోస్టులెన్ని, రెగ్యులర్‌వి ఎన్ని, ఆవరణలో నివాసముంటున్న టీచర్లెందరు, పాత భవనాల మరమ్మతుకు గత పదేళ్లలో ఏ ఏడు ఎంత ఖర్చయింది. ఈ నాలుగు అంకెలూ ఆ బడి నోటీసు బోర్డు మీద, జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టడానికి పైసా ఖర్చు కాదు. పెనుకొండ ఎమ్మెల్యే అయినా, జిల్లా కలెక్టరైనా ఒక ఉత్తరం రాస్తే వారంలో బయటికొస్తాయి. ఆ బడిలో చదివి పైకొచ్చినవాళ్లు అడిగితే ఇంకా ముందే రావచ్చు.